వెండి నానో ఉపరితలం మీద జీవ అణువుల జాడ పట్టడం: సెర్స్ ప్రయోగానికి సమగ్ర మార్గదర్శి

లీటరు నీటిలో ఒక మైక్రోమోల్ అడినిన్ కరిగించి, ఆ ద్రావణాన్ని మామూలు రామన్ స్పెక్ట్రోమీటరు కింద పెడితే నీటి జాడ తప్ప మరొకటి కనిపించదు. అదే ద్రావణం నుంచి ఐదు మైక్రోలీటర్ల చుక్క తీసి, వెండి నానోకణాలు పరిచిన సిలికాన్ ముక్క మీద ఆరబెట్టి, అదే లేజరుతో, అదే యంత్రంలో చూస్తే 735 దగ్గర ఒక సన్నని పీక్ నిటారుగా లేచి నిలబడుతుంది. ఉపరితల వర్ధిత రామన్ స్పెక్ట్రోస్కోపీ అన్న పూర్తి పేరును కుదించి ప్రయోగశాలల్లో అందరూ సెర్స్ అని పిలిచే పద్ధతి ఇదే. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్నవారినీ, పరిశోధన మొదటి ఏడాదిలో ఉన్నవారినీ దృష్టిలో పెట్టుకుని, ఒక సాధారణ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో దొరికే వస్తువులతో ఈ ఉపరితలాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారుచేసి, ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాను. పీక్ తెప్పించడం ఈ పనిలో తేలికైన సగం. వచ్చిన పీక్ మనం వేసిన అణువుదేనని రుజువు చేయడం కష్టమైన సగం. అందుకే దిగువ దశల్లో తయారీ కంటే తనిఖీకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ వ్యాసంలో పీకులకు ఇచ్చిన 735, 1003 వంటి అంకెలన్నీ రామన్ షిఫ్ట్‌లు, అంటే లేజరు కాంతి నుంచి బయటికి వచ్చిన కాంతి ఎంత జరిగిందో చెప్పేవి. వాటి ప్రమాణం సెంటీమీటరు విలోమం. ప్రతిసారీ ప్రమాణం రాయకుండా అంకె మాత్రమే రాస్తాను.

ముందుగా తెలుసుకోవలసిన సూత్రం

విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడే మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి 1928లో కలకత్తాలో కనుగొన్న పరిక్షేపణం ఎంత అపురూపమైనదో అంత బలహీనమైనది. అణువును తాకిన కాంతిలో సుమారు పది లక్షల నుంచి పది కోట్ల ఫోటాన్లకు ఒక్కటి మాత్రమే అణువు కంపనాలతో శక్తిని ఇచ్చిపుచ్చుకుని, మారిన రంగులో బయటికి వస్తుంది. ఆ ఒక్కటే అణువు ఏదో చెబుతుంది. కానీ తక్కువ గాఢతలో ఆ ఒక్కదాన్ని పట్టుకోవడం దుర్లభం.

1974లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్‌ను పరిశీలించినప్పుడు అనూహ్యంగా బలమైన రామన్ సంకేతం వచ్చింది. గరుకుతనం వల్ల విస్తీర్ణం పెరిగి ఎక్కువ అణువులు అంటుకున్నాయని వారు భావించారు. 1977లో జాన్‌మేర్, వాన్ డైన్ ఒక చోటా, ఆల్‌బ్రెక్ట్, క్రైటన్ మరో చోటా లెక్కకట్టి, విస్తీర్ణం ఒక్కటే ఇంత పెరుగుదలకు కారణం కాజాలదని, ఒక్కో అణువు ఇచ్చే సంకేతమే లక్షల రెట్లు పెరుగుతోందని చూపారు.

కారణం ప్రధానంగా వెండిలోని ఎలక్ట్రాన్లే. కాంతి తగిలినప్పుడు నానోకణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ ఒక్కుమ్మడిగా ఊగుతాయి, దానితో కణం అంచున విద్యుత్ క్షేత్రం పెరుగుతుంది. వచ్చే కాంతికి ఒకసారి, వెళ్లే కాంతికి మరోసారి ఈ పెరుగుదల వర్తిస్తుంది కనుక, రామన్ సంకేతం స్థూలంగా క్షేత్రం పెరుగుదలకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది: క్షేత్రం పది రెట్లయితే సంకేతం పదివేల రెట్లు. రెండు కణాల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందు ఉంటే, ఆ సందులో క్షేత్రం మరింత ఉద్ధృతమవుతుంది. ఆ సందులనే హాట్‌స్పాట్‌లు అంటారు. ఉపరితలం నుంచి కొన్ని నానోమీటర్లు జరిగితే చాలు, ఈ మేలు దాదాపు మాయమవుతుంది. ఈ చివరి వాక్యాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ప్రొటీన్లతో పనిచేసేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు దాని నుంచే పుడతాయి.

మొదటి దశ: అణువు, లోహం, లేజరు ఎంపిక

కొత్తవారు అడినిన్‌తో మొదలుపెట్టాలని నా సలహా. డి.ఎన్.ఎ. అక్షరాలలో ఒకటైన ఈ చిన్న అణువు చవకగా దొరుకుతుంది, వెండికి తనంతట తానే అంటుకుంటుంది, 735 దగ్గర వలయమంతా ఊపిరి తీసుకున్నట్టు వ్యాకోచించి సంకోచించే కంపనం వల్ల స్పష్టమైన పీక్ ఇస్తుంది, 1330 పరిసరాల్లో మరొకటి తోడిస్తుంది. చాలామంది రోడమిన్ 6జి రంగుతో మొదలుపెడతారు. ఆ రంగు ఆకుపచ్చ లేజరును స్వయంగా పీల్చుకుని అదనపు బలం తెచ్చుకుంటుంది కనుక, దానితో వచ్చిన గొప్ప ఫలితం జీవ అణువులతో రాదు. అది ఉపరితలం గురించి మనకు లేనిపోని ధైర్యం ఇస్తుందని నా అనుభవం.

లోహాల్లో వెండి ఎక్కువ సంకేతం ఇస్తుంది, బంగారం ఎక్కువ కాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటి ప్రయోగానికి వెండి చాలు. లేజర్లలో 785 నానోమీటర్లది ఉంటే అదే వాడాలి, ఎందుకంటే జీవ నమూనాల్లో ప్రతిదీప్తి, అంటే నమూనా తానే వెలిగి పీకులను కప్పేయడం, దీనితో తక్కువ, నమూనా కాలిపోయే ప్రమాదమూ తక్కువ. ఈ లేజరుతో 735 షిఫ్ట్ ఉన్న కాంతి ఎక్కడ పడుతుందో ఒకసారి లెక్కకట్టి చూడండి: 785 నానోమీటర్లు అంటే సెంటీమీటరు విలోమంలో 12,739, అందులోంచి 735 తీసేస్తే 12,004, అంటే 833 నానోమీటర్లు. అదే 3000 దగ్గరి పీక్ అయితే 1027 నానోమీటర్లకు వెళ్లిపోతుంది, అక్కడ సిలికాన్ కెమెరా చూపు మందగిస్తుంది. కొవ్వుల్లోని కార్బన్-హైడ్రోజన్ బంధాలు చూడాలనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

రెండో దశ: గాజుసామాను శుభ్రత

నానోకణాల తయారీ చెడిపోయిందంటే పదింట ఎనిమిదిసార్లు తప్పు బీకరుదే అని నేను నమ్ముతాను. వాడబోయే గాజుసామానునంతా ఆక్వా రీజియాతో, అంటే మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రవంతో కడగాలి. ఈ పని పొగగూటిలోనే, కళ్లద్దాలు, ఆమ్లానికి తట్టుకునే చేతితొడుగులు వేసుకునే చేయాలి. మిగిలిన ద్రవాన్ని మూత బిగించిన సీసాలో ఎప్పుడూ దాచకూడదు, అందులో పుట్టే వాయువుల ఒత్తిడికి సీసా పగులుతుంది. ఆ తర్వాత డీఅయనైజ్డ్ నీటితో కనీసం ఐదారుసార్లు కడిగితే తప్ప, మిగిలిపోయిన క్లోరైడ్ వెండితో కలిసి తెల్లటి మడ్డిగా మారుతుంది. సబ్బు వాడకండి. సబ్బు అణువులు వెండి మీద పీట వేసుకుని కూర్చుంటాయి.

మూడో దశ: నానోకణాల తయారీ

వెండి నానోకణాలకు 1982లో లీ, మైసెల్ ఇచ్చిన సిట్రేట్ పద్ధతి ప్రసిద్ధం. అందులో సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని మరిగించి, సిట్రేట్ కలిపి గంటసేపు మరగనివ్వాలి. నేను మాత్రం 2003లో లియోపోల్డ్, లెండ్ల్ ప్రచురించిన హైడ్రాక్సిలమిన్ పద్ధతినే సూచిస్తాను. మరిగించే పని లేదు, నిమిషాల్లో అయిపోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా సిట్రేట్ తాలూకు అదనపు పీకులు ఉండవు.

వంద మిల్లీలీటర్లకు కొలతలు ఇవి. ఒక శుభ్రమైన బీకరులో 87 మిల్లీలీటర్ల డీఅయనైజ్డ్ నీరు పోసి, 10.4 మిల్లీగ్రాముల హైడ్రాక్సిలమిన్ హైడ్రోక్లోరైడ్ కరిగించి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 3 మిల్లీలీటర్లు కలపాలి. వేరే పాత్రలో 17 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్‌ను 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి ఉంచుకోవాలి. అయస్కాంత కడ్డీతో మొదటి ద్రావణాన్ని వేగంగా తిప్పుతూ, రెండోదాన్ని ఒక్క ఊపున పోసేయాలి. చుక్కచుక్కగా పోస్తే కణాల పరిమాణం మారుతుంది. అందుకే ఏ తీరున పోసినా, ప్రతి విడతకూ అదే తీరున పోయడం, ఎంతసేపట్లో పోశామో నోటుపుస్తకంలో రాయడం అవసరం. హైడ్రాక్సిలమిన్ లవణం విషపూరితం, వేడికి విస్ఫోటించే గుణం కలది. కనుక దాన్ని వేడి పళ్లెం దరిదాపుల్లో పెట్టకూడదు. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు.

పోసిన క్షణంలో ద్రవం ముదురు గోధుమరంగుకు తిరిగి, కాసేపటికి బూడిద కలిసిన పసుపులో స్థిరపడుతుంది. పక్కనుంచి చూస్తే పాలు కలిపినట్టు మసకగా, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పసుపుగా కనిపిస్తుంది. కంటితో చేసే ఈ పరీక్ష తర్వాత, కొంత ద్రవాన్ని పదింతలు పలచన చేసి అతినీల లోహిత-దృశ్య స్పెక్ట్రం తీయండి. 400 నుంచి 430 నానోమీటర్ల మధ్య ఒకే ఒక్క గుట్ట ఉండాలి. ఆ గుట్ట వెడల్పుగా సాగి 600 దాటినా, పక్కన రెండో గుట్ట లేచినా, కణాలు అప్పుడే గుంపులు కట్టాయని అర్థం. ఆ విడతను పారబోసి మళ్లీ చేయాలి. పాడైన విడతను ఎలాగోలా వాడేద్దామన్న ఆశ ఇక్కడ పనికిరాదు.

నాలుగో దశ: ఉపరితలం మీదికి ఎక్కించడం

కణాలను వడపోత కాగితం మీదా, వంటింటి అల్యూమినియం రేకు మీదా కూడా ఆరబెట్టవచ్చు. రేకు నేపథ్య సంకేతం చాలా తక్కువ కనుక ఖర్చు లేని పరీక్షలకు బాగుంటుంది. కాగితం వాడితే 1100 పరిసరాల్లో సెల్యులోజ్ పీకులు వస్తాయి. నేను సిలికాన్‌ను ఎంచుకోవడానికి కారణం దాని 520.7 పీక్. ప్రతి స్పెక్ట్రంలోనూ అది కనిపిస్తూ, యంత్రం కొలబద్ద జరిగిందో లేదో చెప్పే కాపలాదారుగా పనిచేస్తుంది. అయితే అదే సిలికాన్ 940 నుంచి 980 దాకా ఒక వెడల్పాటి గుట్టను కూడా ఇస్తుంది కనుక, ఆ ప్రాంతంలోని పీకులను అనుమానంతో చూడాలి.

సిలికాన్‌ను సెంటీమీటరు చదరంలో ముక్కలుగా కోసి, అసిటోన్, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఆ తర్వాత నీటిలో పది నిమిషాల చొప్పున అల్ట్రాసోనిక్ తొట్టెలో శుభ్రం చేయాలి. ఆక్సిజన్ ప్లాస్మా గాని, అతినీల లోహిత ఓజోన్ పరికరం గాని ఉంటే అందులో పది నిమిషాలు ఉంచితే ఉపరితలం మీద హైడ్రాక్సిల్ సమూహాలు సిద్ధమవుతాయి. తర్వాత ముక్కలను ఇథనాల్‌లో 2 శాతం అమైనోప్రొపైల్ ట్రైఎథాక్సీసిలేన్ ద్రావణంలో గంటసేపు నానబెట్టి, ఇథనాల్‌తో బాగా కడిగి, 110 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఆరబెట్టాలి. ఈ సిలేన్‌కు తేమ గిట్టదు. తెరిచి చాలాకాలమైన సీసాలో తెల్లటి ముద్దలు కనిపిస్తే అది పనికిరాదు.

ఇప్పుడు ఉపరితలం మీద అమైన్ సమూహాలు నీటిలో ధనావేశంతో నిలబడి ఉంటాయి. మన వెండి కణాలది ఋణావేశం. 1995 నుంచి వాడుకలో ఉన్న ఈ ఏర్పాటులో కణాలు తమంతట తామే వెళ్లి అతుక్కుంటాయి. కాకపోతే పలుచని ద్రావణంలో ఒక్కో కణం దూరదూరంగా కూర్చుంటుంది, సందులు తక్కువగా ఏర్పడతాయి. అందుకే ద్రావణాన్ని 3000 జి (భూమి గురుత్వానికి 3000 రెట్లు) దగ్గర పదిహేను నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న తేట నీటిలో పదింట తొమ్మిది వంతులు తీసేసి, అడుగున మిగిలిన ముద్దను నెమ్మదిగా కదిపి కలపాలి. ఈ చిక్కటి ద్రావణంలో ముక్కలను రాత్రంతా నానబెట్టి, పొద్దున నీటితో కడిగి, నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టాలి. అద్దంలా మెరిసిన ముక్క ఒక పొర కప్పినట్టు సమంగా మసకబారాలి. మరకలు మరకలుగా ఉంటే కడగడంలో గాని, సిలేన్‌లో గాని లోపం ఉందన్నమాట.

గాలిలోని గంధక సమ్మేళనాలు వెండిని నల్లబరుస్తాయి. ఇంట్లో వెండి గిన్నె నల్లబడేదీ దీనివల్లే. కొన్ని పదుల నానోమీటర్ల కణానికి ఆ దెబ్బ మరింత త్వరగా తగులుతుంది. చేసిన ముక్కలను నైట్రోజన్ నింపిన డబ్బాలో పెట్టి, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే వాడేయాలి.

ఐదో దశ: ఖాళీ ముక్క పరీక్ష

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవగలిగినవారు ఇదే చదవాలి. ప్రతి విడతలో కనీసం మూడు ముక్కలను అడినిన్ వేయకుండా పక్కన పెట్టాలి. వాటి మీద అడినిన్ ద్రావణానికి వాడిన అదే నీటిని, అదే పిపెట్టుతో, అంతే పరిమాణంలో వేసి, అలాగే ఆరబెట్టి, అదే లేజరు శక్తితో అంతే సేపు స్పెక్ట్రం తీయాలి. అక్కడ వచ్చినవన్నీ మన ఉపరితలం సొంత పీకులు. 240 దగ్గర వెండి-క్లోరైడ్ బంధం కనిపించడం సహజం, ఆ క్లోరైడ్ హైడ్రాక్సిలమిన్ లవణం నుంచే వచ్చింది. 1350, 1580 దగ్గర వెడల్పాటి గుట్టలు లేస్తే అది కాలిన కార్బన్. లేజరు శక్తి ఎక్కువైందనో, ఉపరితలం మీద మురికి ఉందనో చెబుతోంది.

ఒకసారి మేము అమైనో ఆమ్లాలతో పనిచేస్తున్నప్పుడు, 1003 దగ్గర ఫినైల్‌అలనిన్ పీక్ అద్భుతంగా వచ్చిందని రెండు వారాలు సంబరపడ్డాం. 1031 దగ్గర దాని తోడు పీక్ కూడా ఉంది. కానీ గాఢత పదింతలు తగ్గించినా పీక్ ఎత్తు తగ్గలేదు. చివరికి ఖాళీ ముక్కల్లోనూ అక్కడక్కడా అదే పీక్ దొరికింది. ముక్కలను దాచిన పెట్రీ పళ్లెం పాలీస్టైరీన్‌ది. దాని పీకులు 1001, 1031, 1602. పట్టకారుతో ముక్కను తీసేటప్పుడు పళ్లెం గీసుకుని, కంటికి కనిపించని ప్లాస్టిక్ పొడి వెండి మీద పడింది. రెండింటిలోనూ ఉన్నది అదే బెంజీన్ వలయం కనుక, మా యంత్రం విభేదన సామర్థ్యంతో 1001ని 1003 నుంచి విడదీయడం సాధ్యం కాలేదు. ఆ రోజు నుంచి ముక్కలను గాజు పళ్లెంలోనే ఉంచుతున్నాం. గాఢతతో పాటు ఎత్తు మారని పీక్‌ను ఎప్పుడూ నమ్మకండి.

ఆరో దశ: నమూనా వేయడం

13.5 మిల్లీగ్రాముల అడినిన్‌ను 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగిస్తే ఒక మిల్లీమోలార్ మూలద్రావణం తయారవుతుంది. దాన్ని పలచన చేస్తూ 100, 10, 5, 2, 1, 0.5, 0.1 మైక్రోమోలార్ ద్రావణాలు సిద్ధం చేసుకోవాలి. కొలతలు తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢత వైపు సాగాలి. తిరగేస్తే ముందరి నమూనా మిగులు తరువాతిదానిలోకి పాకుతుంది.

5 మైక్రోలీటర్ల చుక్కను ముక్క మీద వేసి ఆరబెట్టడం అందరూ చేసే పద్ధతి. అసలు అక్కడ ఎన్ని అణువులు ఉన్నాయో ఒకసారి లెక్కకట్టుకుంటే మన మాటల్లో అతిశయోక్తి దానంతట అదే తగ్గుతుంది. ఒక మైక్రోమోలార్ ద్రావణం 5 మైక్రోలీటర్లలో ఐదు పికోమోల్స్, అంటే సుమారు 3 లక్షల కోట్ల అణువులు ఉంటాయి. చుక్క 3 మిల్లీమీటర్ల వ్యాసంలో ఆరిందనుకుంటే ఆ వృత్తం విస్తీర్ణం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. అంటే ప్రతి చదరపు నానోమీటరుకు 0.43 అణువు. అడినిన్ బల్లపరుపుగా పడుకుంటే అర చదరపు నానోమీటరు లోపు చోటు ఆక్రమిస్తుంది కనుక, ఒక మైక్రోమోలార్ చుక్కతోనే చదునైన ఉపరితలంలో దాదాపు అయిదో వంతు నిండిపోతుంది. పది మైక్రోమోలార్ వేస్తే ఒక పొర పూర్తయి, పైన రెండో పొర మొదలవుతుంది, పీక్ ఎత్తు పెరగడం మందగిస్తుంది. 50 రెట్ల కటకం కింద లేజరు చుక్క వ్యాసం సుమారు 1.9 మైక్రోమీటర్లు. అందులో పడే అడినిన్ అణువులు సుమారు 12 లక్షలు. ఒక మైక్రోమోలార్‌ను పట్టుకున్నాం అనడం నిజమే, కానీ 1997లో నై, ఎమరీ బృందం, నైప్ బృందం చూపిన ఏక అణు గుర్తింపుకు అది చాలా దూరంలో ఉంది.

ఆరిన చుక్క మరో చిక్కు తెస్తుంది. కాఫీ ఒలికిన బల్ల మీద మరక అంచు ఎలా ముదురుగా ఉంటుందో, ఇక్కడా అణువులు అంచుకు చేరి వలయంగా పేరుకుంటాయి. సూక్ష్మదర్శినిలో ఆ అంచు మీద లేజరు పెడితే పీక్ ఆకాశాన్ని తాకుతుంది, పావు మిల్లీమీటరు లోపలికి జరిపితే చప్పబడిపోతుంది. అంచు మీది స్పెక్ట్రం ఒక్కటే చూపి ఫలితం రాయడం నాకు న్యాయంగా తోచదు. అందుకే చుక్క వేసే పద్ధతి బదులు, ముక్కను 2 మిల్లీలీటర్ల ద్రావణంలో గంటసేపు ముంచి, తీసి, నీటిలో ఒక్కసారి ముంచి కడిగి ఆరబెట్టే పద్ధతిని సిఫారసు చేస్తాను. పీకులు కొంత తగ్గినా ముక్క అంతటా దాదాపు ఒకేలా ఉంటాయి, వెండికి నిజంగా అంటుకున్న అణువులే మిగులుతాయి.

ఏడో దశ: స్పెక్ట్రం తీయడం

785 లేజరు కంటికి మసక ఎరుపుగా మాత్రమే కనిపిస్తుంది. కాంతి తక్కువగా ఉందనిపించి కన్ను రెప్ప వాల్చదు, కానీ రెటీనా కాలడానికి కావలసిన శక్తి అందులో ఉంటుంది. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తెరిచిన యంత్రం దగ్గరికి వెళ్లకూడదు.

మొదట నగ్న సిలికాన్ ముక్కతో 520.7 సరిచూసుకోవాలి. తర్వాత నమూనా దగ్గర ఒక మిల్లీవాటు శక్తి, పది సెకన్ల సమయంతో మొదలుపెట్టాలి. ఒకే చోట వరుసగా ఐదు స్పెక్ట్రాలు తీసి పోల్చండి. మొదటిదానికీ ఐదోదానికీ 735 ఎత్తు తగ్గుతూ, 1350, 1580 గుట్టలు పెరుగుతూ ఉంటే నమూనా కాలుతోంది. అప్పుడు శక్తిని సగానికి తగ్గించాలి. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరే దిక్కైనవారు అర మిల్లీవాటు లోపే ఉండడం మేలు.

తర్వాత ముక్క మీద 20 మైక్రోమీటర్ల ఎడంతో ఐదు అడ్డం, ఐదు నిలువు చొప్పున 25 చోట్ల స్పెక్ట్రాలు తీయాలి. ఇలా ఒక విడతలో మూడు ముక్కలు, మొత్తం మూడు విడతలు. ముందే ఎంచుకున్న గళ్లలో వచ్చిన ప్రతి స్పెక్ట్రాన్నీ లెక్కలో చేర్చాలి, మంచివి ఏరుకోకూడదు.

ఎనిమిదో దశ: లెక్కలు

కాస్మిక్ కిరణాల వల్ల వచ్చే ఒంటరి సూదిమొనలను తొలగించి, నేపథ్యపు వాలును తీసేసి, 735 పీక్ కింది వైశాల్యాన్ని కొలవాలి. మృదువుగా చేయడం కోసం అంకెలను అతిగా సవరించకండి. నిజమైన చిన్న పీక్ కరిగిపోతుంది, లేని పీక్ పుట్టుకొస్తుంది. 25 చోట్ల వైశాల్యాల సగటుతో ప్రామాణిక విచలనాన్ని భాగించి శాతంగా రాస్తే అదే ఆ ముక్క ఏకరూపతకు కొలమానం. ముక్క లోపలి శాతం, ముక్కకూ ముక్కకూ మధ్య శాతం, విడతకూ విడతకూ మధ్య శాతం విడివిడిగా ప్రకటించాలి. మూడోది ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది. దాన్ని దాచకుండా రాసేవారి పనినే ఇతరులు తిరిగి చేయగలుగుతారు.

గాఢతకు ఎదురుగా వైశాల్యాన్ని గీస్తే మొదట సరళరేఖ, తర్వాత వంగి బల్లపరుపు అవుతుంది. ఇంతకుముందు వేసిన లెక్కలోని నిండిన పొరే అందుకు కారణం. గుర్తింపు హద్దును సరళరేఖ భాగం నుంచే తీయాలి: ఖాళీ ముక్కల ప్రామాణిక విచలనానికి మూడు రెట్లను రేఖ వాలుతో భాగిస్తే వచ్చేదే హద్దు.

వర్ధన గుణకం కావాలని అందరూ అడుగుతారు. సులువైన నిర్వచనం ఇది: ఉపరితలం మీద వచ్చిన సంకేతాన్ని దాని గాఢతతో భాగించి, ఆ ఫలితాన్ని మామూలు రామన్ సంకేతాన్ని దాని గాఢతతో భాగించగా వచ్చినదానితో భాగించాలి. ఒక మైక్రోమోలార్ వద్ద ఉపరితలం మీద 3000, 0.1 మోలార్ ద్రావణంలో మామూలుగా 300 కౌంట్లు వచ్చాయనుకుందాం, గుణకం పది లక్షలు అవుతుంది. కానీ ఆరిన చుక్కతో ఈ లెక్క వేస్తే, అణువులు ఒక చోట పేరుకోవడం వల్ల వచ్చిన లాభం కూడా గుణకంలో కలిసిపోతుంది. ఏ పద్ధతిలో నమూనా వేశారో చెప్పకుండా గుణకం ఒక్కటే రాస్తే దానికి విలువ లేదు.

తొమ్మిదో దశ: అడినిన్ నుంచి అసలు జీవ నమూనాల వైపు

డి.ఎన్.ఎ. వెన్నెముకలోని ఫాస్ఫేట్ ఋణావేశమూ, కణాల ఋణావేశమూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే స్పెర్మిన్ వంటి ధనావేశపు అణువును మధ్యవర్తిగా వాడే పద్ధతులు వచ్చాయి. ప్రొటీన్లు మరింత మొండివి. ఐదారు నానోమీటర్ల అణువులో వెండికి ఆనిన అంచు మాత్రమే బాగా కనిపిస్తుంది, పైగా వట్టి వెండి మీద కొన్ని ప్రొటీన్ల మడతలు విప్పుకుపోతాయి. ఇలాంటి వాటికి పరోక్ష మార్గం మెరుగు: బంగారు నానోకణానికి 4-మెర్కాప్టోబెంజాయిక్ ఆమ్లం వంటి గుర్తు అణువును, దానితో పాటు ప్రతిదేహాన్ని తొడిగి, ఉపరితలం మీద మరో ప్రతిదేహంతో పట్టి ఉంచిన ప్రొటీన్‌కు అంటించి, గుర్తు అణువు 1076, 1588 పీకులను లెక్కించడం. 1999లో పోర్టర్ బృందం ఇమ్యూనోఅస్సేలకు (ప్రతిదేహాలతో చేసే పరీక్షలకు), 2002లో మిర్కిన్ బృందం డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ.లకు చూపిన దారి ఇలాంటిదే.

రక్త సీరంను నేరుగా ఉపరితలం మీద వేసేవారు ఒక సంగతి తప్పక గమనించాలి. సీరం సెర్స్ స్పెక్ట్రంలో పెత్తనం యూరిక్ ఆమ్లం, హైపోజాంథిన్ వంటి చిన్న అణువులది. 640, 725 పరిసరాల్లో కనిపించేవి అవే. బ్యాక్టీరియా స్పెక్ట్రాల్లో 730 దగ్గర లేచే పీక్‌ను కణకవచానిదని రాసేవారు ఉన్నారు గాని, ఆకలితో ఉన్న బ్యాక్టీరియా బయటికి వదిలే అడినిన్, హైపోజాంథిన్ వంటి ప్యూరిన్ల వల్లే అది వస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. మన మొదటి ప్రయోగానికి అడినిన్‌ను ఎంచుకోవడంలో ఉన్న రెండో ప్రయోజనం ఇదే. ఆ పీక్ ముఖం ఒకసారి బాగా పరిచయమైతే, జీవ నమూనాలో అది ఎదురైనప్పుడు తొందరపడి రోగం పేరు పెట్టము. సీరంలోని ఆల్బుమిన్ ఉపరితలాన్ని కప్పేయకుండా 10 కిలోడాల్టన్ల వడపోతతో ముందుగా ప్రొటీన్లను వేరుచేయడం మంచిది.

సిలికాన్, సిలేన్ పద్ధతి చేతికి వచ్చాక మరింత క్రమబద్ధమైన నిర్మాణాల వైపు వెళ్లవచ్చు. గోళీల్లా పేర్చిన పాలీస్టైరీన్ లేక సిలికా గోళాల మీద వెండి పూత వేసే ఏర్పాటు వాటిలో ఒకటి. దానితోనే వాన్ డైన్ బృందం గ్లూకోజును కొలిచింది. లేజరు పల్స్‌లతో లోహాన్ని చెక్కి నానో నిర్మాణాలు తీర్చే మార్గం మరొకటి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్లతో ఇలా చేసిన ఉపరితలాలను పేలుడు పదార్థాల గుర్తింపుకు వాడుతున్నారు. ఏ నిర్మాణమైనా ఖాళీ ముక్క పరీక్ష, 25 గళ్ల కొలత తప్పవు.

చివరి దశ: వ్యర్థాలు

వెండి ఉన్న ద్రవాలను సింకులో పోయకూడదు, నీటిలోని జీవులకు వెండి విషం. వాటన్నిటినీ ఒక ముదురు రంగు సీసాలో చేర్చి, ఉప్పు ద్రావణం కలిపితే కరిగి ఉన్న వెండి సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని వేరుచేసి సంస్థ వ్యర్థాల విభాగానికి అప్పగించాలి. వెండి వ్యర్థాలను అమోనియాతో ఏ పరిస్థితిలోనూ కలపకూడదు, ఆ మిశ్రమంలో నిలవ ఉన్నకొద్దీ తాకితేనే పేలే పదార్థం ఏర్పడుతుంది. హైడ్రాక్సిలమిన్ మిగులుకు వేరే సీసా పెట్టి, రెండింటి మీదా లోపల ఏముందో, ఏ తేదీన మొదలుపెట్టారో పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి.